పైనీళ్లు

పది గంటలకు బయలుదేరతారట. గోడ అవతల బట్టలు ఆరేస్తూ, నోట్లో క్లిప్పు కరిచిపట్టి సగం మాటలు మింగుతూ నజీహా చెప్పింది. "మన్నూబియా! మీ చెల్లెలు చెల్బియా ఇవాళ స్ఫాక్స్ వెళ్లిపోతోంది. కూతురు కారు తెచ్చింది. పరుపులు కూడా కట్టేశారు. నీకు తెలీదా?" తెలుసన్నాను. ఇవాళేనని నాకు తెలీదు. "తెలిసే పూలు ఉడకేసుకుని కూర్చున్నావా తల్లీ!" అంది, క్లిప్పు చేతిలోకి తీసుకుని, ఆ ఒక్క మాటా ఊరంతా వినపడేలా. ఇప్పుడు తొమ్మిది. బట్టీ కింద మంట పెట్టి అరగంటయింది, గొట్టం చివర ఇంకా చుక్క లేదు. చుక్క మొదలైతే ఇక లేవడానికి లేదు. గడ్డి అల్లిన బుడ్డి నిండేదాకా మనిషి పక్కనే ఉండాలి, మంట ఆర్పకూడదు, ఆవిరిని చల్లార్చే పైగిన్నెలో నీళ్లు, అవే పైనీళ్లు, వేడెక్కగానే తోడేసి చన్నీళ్లు పొయ్యాలి, గొంతు పెంచకూడదు. బట్టీ దగ్గర గొంతు పెంచితే పూలు జడుసుకుంటాయని, జడుసుకున్న పూలు నీళ్లకు వాసన ఇవ్వవని అమ్మ అనేది. నిన్నంతా దుప్పటి మీద పరిచిన నారింజ పూలు, చేదు నారింజవి, ఇల్లంతా వాటి వాసనే, తలగడలో కూడా. అవన్నీ ఇప్పుడు రాగి కుండలో మూతపడి ఉడుకుతున్నాయి. మధ్యలో ఆపితే ఆ పూలు పోయినట్టే. ఎవరినైనా అడగండి మా ఊరు నాబుల్‌లో, చెబుతారు. అందుకని నేను లేవలేను. నాకు పని ఉంది. చెల్బియా పది గంటలకు వెళ్లిపోతే నేనేం చేసేది, పూలు మనుషుల ప్రయాణాలు చూసుకుని విచ్చుకుంటాయా.

నేను గొంతు పెంచలేదు. వేలు మాత్రం ఆడించాను. గొంతు లేకుండా అరిచే పద్ధతి ఒకటి వస్తుందని అమ్మకేం తెలుసు. ఫోను మోకాలి మీద ఉంది, మన ఊరి గ్రూపు తెరిచి ఉంది, ముప్పై వేలమంది ఉంటారు అందులో, సగం మంది ఫ్రాన్స్‌లో ఉండి కూడా మన వీధి చెత్తకుండీ గురించి కొట్టుకుంటారు. పొద్దున ఎవరో కొత్త కోడలు అడిగింది, బట్టీలో కుళాయి నీళ్లు పొయ్యాలా, వాననీళ్లు పొయ్యాలా అని. మంచి ప్రశ్న. నేను మంచిగానే జవాబు రాశాను, నిండు వాక్యాలతో, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి: తొట్టిలో నిలవున్న వాననీళ్లే పొయ్యి తల్లీ, కుళాయి నీళ్లలో మందు వాసన ఉంటుంది, పూలవాసనను తినేస్తుంది అని. రెండు లైకులు. ఒకటి నజీహాది. అంతలో వచ్చాడు ఎవడో గద్ద అట, పేరు కూడా అదే, గద్ద, బొమ్మ కూడా గద్దదే. "ఆవిరి ఆవిరే. ముసలమ్మల మూఢనమ్మకాలు మానండి" అన్నాడు. నలభై లైకులు. మూడు ముక్కలకు నలభై! నాకు చెవుల వెనక వేడెక్కింది. ఆ వేడి నాకు తెలుసు. కాఫీ మొదటి గుక్కలా కిందికి కాదు, పైకి పోతుంది. నిద్ర, మోకాళ్ల నొప్పి, ఇంట్లో గడియారం చప్పుడు, అన్నీ ఒక్కసారి మాయమవుతాయి. నేను రాశాను: "గద్దలు ఆవిరి గురించి మాట్లాడతాయని ఇప్పుడే తెలిసింది. మీ అమ్మ నీకు ఏ నీళ్లు తాగించి పెంచింది నాయనా?" పదకొండు. పదిహేను. ఇరవై మూడు. చూస్తుండగానే పెరుగుతున్నాయి. ఎవరో "శభాష్ హాజ్జా" అన్నారు, హజ్ యాత్ర చేసొచ్చినదాన్ననుకుని. నేను మక్కా మొహం చూడలేదు. కాదని ఎప్పుడూ చెప్పలేదు.

నలభై రెండేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు. టమాటా ముద్ద డబ్బా మీద బొమ్మ ఉంది కాబట్టి దాని పక్కనున్నది టమాటా అయ్యుండాలి అని మొదలుపెట్టి, సబ్బు మీద సబ్బు, అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె, తరువాత చేపలు చుట్టిచ్చిన పత్రికలు, తరువాత పత్రికల్లో చనిపోయినవాళ్ల పేర్లు. తిజాని, నా భర్త, కుండలూ పళ్లాలూ లారీలో వేసుకుని ట్రిపోలీ వెళ్లేవాడు, వారానికోసారి. వెళ్లేటప్పుడు ఒక చీటీ రాసిచ్చేవాడు అంగడివాడికి చూపించమని. ఒక వారం ఆ చీటీ నేనే చదివేశాను. చెబుదామనుకున్నాను వచ్చాక. ఉల్లిపాయలు, ఉప్పు, గొట్టానికి కొత్త గుడ్డ. "ఉల్లిపాయలు గట్టివి చూసి తీసుకో" అని లారీ మెట్టు ఎక్కాడు. అదే ఆఖరు. లారీ వచ్చింది, ఎవరో తోలుకొచ్చారు. నాన్న గుమ్మం దాటుతూ గొడుగు మరిచానన్నాడు. మా అన్నయ్య రేవులో, నా చెప్పు తెగిందని నవ్వాడు. కొందరు ఉత్తరాలు దాచుకుంటారు, నేను గుమ్మాల దగ్గరి ఆఖరి మాటలు దాచుకుంటాను, ఒక్కటీ పనికొచ్చేది లేదు, ఉల్లిపాయలు, గొడుగు, చెప్పు. అందుకే ఎవరి ప్రయాణానికీ వెళ్లను. నజీహాకు ఇదంతా ఏం తెలుసు, క్లిప్పు తీసి మరీ అంటుంది.

చుక్క. పడింది. గొట్టం చివర ఉబ్బి, ఆలోచించి, పడింది. ఇక రెండోది, మూడోది. మొదటి బుడ్డిలోదే అసలు నీళ్లు, గుండెకు పట్టించేవి, మూర్ఛపోయినవాళ్ల ముక్కు దగ్గర పెట్టేవి. గద్ద ఏమన్నాడో. "మా అమ్మ జోలికి వస్తున్నావు, నువ్వు ఎలాంటి పెంపకంలో వచ్చావో తెలుస్తోంది ముసలిదానా." డెబ్భై. నా ఇరవై మూడు ఇంకా ఇరవై ఆరే. చిత్రం చూడండి, వాననీళ్ల గురించి ఎవరికీ పట్టలేదు. ఆ కొత్త కోడలు మధ్యలో ఒకసారి "మరి వాననీళ్లేనా అండీ?" అని అడిగింది, పాపం, ఆమెకు ఎవరూ జవాబివ్వలేదు, నేను కూడా. ఎందుకంటే గద్దకు జవాబివ్వాలి. వాడికైతే వెంటనే జవాబు. నన్ను ప్రేమించేవాళ్లు నా ఫోనుకు రెండు రోజులకు పలుకుతారు, పండగకైతే మూడు. నన్ను అసహ్యించుకునేవాడు మాత్రం నేను వేలు తీసేలోపు పలుకుతాడు. నాకోసం కాచుకుని కూర్చుంటాడు. ఆ మూడు చుక్కలు కదులుతుంటాయి చూడండి, అవతల రాస్తున్నారని, ఆ చుక్కల కోసం నేను గొట్టం చుక్కలను కూడా మరిచిపోతాను. మెత్తగా రాస్తే ఎవరూ ఆగరు. కాస్త కారం వేస్తే ఆగుతారు. నిన్నటి కారం ఇవాళ చప్పగా ఉంటుంది, ఇంకొంచెం వెయ్యాలి. అలా అలా ఏదో ఒక రోజు చేతికందింది వేసేస్తాం.

నాలుగు వందల పన్నెండు. నేను రాసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ లైకులు వచ్చిందానికి. మూడేళ్లయింది, మూడు పూలకాలాలు, అయినా ఆ అంకె నాకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు. అప్పుడు అడిగిన ప్రశ్న కుండకూ గొట్టానికీ మధ్య సందు దేనితో మూయాలి అని. చెల్బియా రాసింది, మా అమ్మ పిండితో మూసేది అని, వెనకాల ఒక పువ్వు బొమ్మ పెట్టింది. నేను రాశాను, కాదు, బంకమట్టితో. ఆమె రాసింది, అక్కా నీకు గుర్తులేదు, పిండే. అందరి ముందూ గుర్తులేదంటుందా అని నేను. ఇప్పుడు తెలుసు నాకు, చెల్బియా ఇంట్లో ఉన్న రోజుల్లో అమ్మ పిండితోనే మూసేది, ఎలుకలు పిండి తింటున్నాయని తరువాత మట్టికి మారింది. ఇద్దరమూ చూసిందే చెప్పాం. కానీ అప్పటికే జనం చేరారు. "మట్టి జిందాబాద్" అని ఒకడు, "హాజ్జా వదలకు" అని ఇంకొకడు, "చెల్లెలు గెలుస్తోంది" అని ఒక దరిద్రుడు. కోడిపందెం. నాకు మాత్రం పందెమని తోచలేదు, సభ అనిపించింది, జన్మలో మొదటిసారి నేను రాసింది చదవడానికి జనం నిలబడ్డారనిపించింది. నేను రాశాను: "పదహారేళ్లకే గఫ్సా గనుల ఊరికి కాపురానికి పోయినదానికి మా అమ్మ బట్టీ సంగతి ఏం తెలుసు? అమ్మ పోతే మొహం చూడ్డానికి కూడా రాని కూతురు, పిండి గురించి చెబుతోంది!" మంచి వాక్యం. ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది. చెల్బియా రాయబోయింది. మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, కదిలాయి, ఆగాయి. తరువాత ఆమె పేరే గ్రూపులో లేదు. నేను ఏం చేశానో చెప్పనా? రాత్రి దాకా లైకులు లెక్కపెట్టాను. మా మేనత్త కొడుకు కూడా పెట్టాడు. ఆ తరువాత చెల్బియా రొట్టెల అంగడిలో ఎదురుపడింది, గఫ్సా నుంచి తిరిగొచ్చాక రెండు వీధుల దూరంలోనే కదా ఉండేది, రొట్టె తీసుకుంది, నన్ను గోడను దాటినట్టు దాటిపోయింది.

రాలేదు. అవును, రాలేదు. నేను చెప్పలేదు కనుక రాలేదు. అమ్మ ఎనిమిది రోజులు మంచంలో ఉంది. మొదటి రోజు అమ్మే అంది, చెల్బియాకు చెప్పకు, మొన్ననే ప్రసవించింది, బిడ్డను వేసుకుని అంత దూరం పరిగెత్తుకొస్తుంది అని. సరే. మూడో రోజు అమ్మ చెప్పొద్దనలేదు, అడిగింది, అది వస్తోందా అని. నేను చెప్పాను, వస్తుందిలే. అమ్మ నా చేతినే పట్టుకుని ఉంది. పిల్లలు లేని నాకు, చదువులేని నాకు, ఎప్పుడూ చెల్బియా నవ్వు, చెల్బియా జడ, చెల్బియా చేతి వంట అనే ఆ ఇంట్లో, ఎనిమిది రోజులు ఒక్కతే కూతురిని. ఎనిమిదో రోజు తెల్లవారుజామున, అమ్మ పోయాక, అంగడికి వెళ్లి ఫోను చేశాను. మధ్యాహ్నానికి పాతిపెట్టేశారు. అది సాయంత్రం వచ్చింది, చంటిపిల్లతో, పాలు కారి ముందంతా తడిసిన బట్టలతో. ఆ పిల్లే రిమ్. ఇవాళ కారు తెచ్చింది. స్ఫాక్స్‌లో ఆసుపత్రి నర్సు. చెల్బియా మూత్రపిండాలు పోయాయట, వారానికి మూడుసార్లు రక్తం కడగాలట, ఇక అక్కడే ఉంచుకుంటుందట. నేనివన్నీ చెల్బియా నోట వినలేదు, రొట్టెల అంగడిలో విన్నాను.

తొమ్మిదిన్నర దాటింది. బుడ్డిలో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు. గద్ద మళ్లీ రాశాడు. వాడికి రాస్తున్నాను, చాలా బాగా వస్తోంది, వాడి ముక్కు మీద, రెక్కల మీద, గుడ్ల మీద, వేలు దానంతట అదే పోతోంది, ముగింపు ఇంకా పదునుగా ఉండాలి, ఏమనాలి, అమ్మ మీద పెట్టాలా, చావు మీద పెట్టాలా, చావు మీద పెడితే ఎక్కువ వస్తాయి, వాడికీ ఎక్కడో ఒక అమ్మ చచ్చి ఉంటుంది కదా, అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఉప్పు చాలిందా లేదా అని చూసినట్టు. వేలు అక్కడే ఆగింది. ఛీ. ఒకసారి చెల్లెలికి పెట్టిన వడ్డనే కదా ఇది. మూడేళ్లుగా అదే గరిటె, విస్తర్లు మాత్రం వేరు. ఫోను బోర్లించాను. తొమ్మిది నలభై. మంట కేసి చూశాను. మధ్యలో ఆపితే పూలు పోయినట్టే, ఎవరినైనా అడగండి. యాభై ఏళ్లలో నేనెప్పుడూ మధ్యలో ఆపలేదు, బట్టీనీ, మాటనూ.

గ్యాసు కట్టేశాను. బుడ్డి గొట్టం కిందనుంచి లాగి, బిరడా దొరక్క అరచేయి మూతపెట్టి, ఇంటి చెప్పులతోనే. గోడ మీంచి నజీహా "బట్టీ వదిలేసి ఎక్కడికే?" అని అరుస్తోంది. రెండు వీధులు. ఈ రెండు వీధులు మూడేళ్లు నడవలేదు. మోకాళ్లు తిడుతున్నాయి. మంగలి అంగడి, తాళం వేసిన కుమ్మరి కొట్టు, ఆ తరువాత కారు, తెల్లది, నెత్తిన తాళ్లతో కట్టిన పరుపు. రిమ్ తాడు బిగిస్తోంది. నన్ను చూసి "పెద్దమ్మా" అంది, అంతే, కోపమూ కాదు, సంతోషమూ కాదు, వాచీ చూసుకుంది. చెల్బియా ముందు సీట్లో ఉంది. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మొహం నిమ్మతొక్క రంగు. నా మొహం చూడలేదు, బుడ్డి చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏంటది, మొదటి నీళ్లా? పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

"కట్టేశాను."

"మధ్యలోనా?"

"మధ్యలోనే."

"అమ్మ ఉంటే గరిటె విరిగేది నీ వీపు మీద."

"విరగనీ. చెల్బియా, ఆ ఎనిమిది రోజులూ నేను నీకు చెప్పలేదు. అమ్మ అడిగింది నువ్వు వస్తున్నావా అని. నేనే..."

"తెలుసు."

"తెలుసా?"

"అమ్మకు ఆఖరి స్నానం చేయించిన హలీమా చెప్పింది, అమ్మ పోయిన నలభయ్యో రోజునే. నువ్వే చెబుతావని చూశాను. ఇన్నేళ్లూ చూశాను. చెప్పావు చివరికి, వందలమంది ముందు, తిరగేసి చెప్పావు."

"తప్పయింది."

"ఊరందరి ముందూ తిట్టి, కారు కిటికీలో చెవిన పడేసి పోతావేంటక్కా? నాకెందుకు చెబుతావు, నాకు తెలిసిందే కదా. నీకు చప్పట్లు కొట్టారే, వాళ్లకు చెప్పు."

అక్కా అంది. మూడేళ్ల తరువాత అక్కా అంది, తిట్టడానికైనా. బుడ్డి ముందుకు చాపాను. "తీసుకోవే, కాఫీలో రెండు చుక్కలు." చెల్బియా నవ్వింది, నవ్వు కాదు, గాలి. "నాకు రోజుకు రెండు గ్లాసుల నీళ్లట. అందులో ఇవెక్కడ పోసుకోను? రిమ్, అద్దం ఎక్కించు, ఎండ." అద్దం ఎక్కింది. దానిలో నా మొహమే కనపడింది, జుట్టు రేగి, ఆవిరికి ఉబ్బి. కారు కదిలింది. ఊరెళ్లేవాళ్ల వెనకాల నీళ్లు పొయ్యాలి, తిరిగి రావడానికి. తిజాని వెనకాల పొయ్యలేదు, ఉల్లిపాయల ఆలోచనలో ఉన్నాను. నాన్న వెనకాల పొయ్యలేదు. చేతిలో ఉన్నది అదే, పోశాను. నాలుగు వేళ్ల ఎత్తు మొదటి నీళ్లు, మంగలి అంగడి ముందు, దుమ్ములో. వీధంతా ఒక్కసారి పెళ్లిల్లులా వాసన కొట్టింది. మంగలి కత్తి పట్టుకుని బయటికొచ్చి, "హాజ్జా, పిచ్చెక్కిందా, అవి పారబోస్తారా!" అన్నాడు. నేను హాజ్జాను కాదు నాయనా అన్నాను. ఎందుకన్నానో, అన్నాను.

ఇంటికొచ్చాను. మళ్లీ మంట పెట్టాను, ఏది వస్తే అది వస్తుంది. నజీహా గోడ మీద తల పెట్టి "పోయాయి పూలు" అంది. పోనీ అన్నాను. ఫోను తిరగేశాను. గద్దకు రాసిన సగం వాక్యం అలాగే ఉంది, చెరిపేశాను, మంచి వాక్యమే. కిందికి, కిందికి, మూడేళ్ల కిందికి వేలు లాగుకుంటూ పోయాను, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని చావులు, ఎంత చెత్త, ఎన్నిచోట్ల నా పేరు, ప్రతిచోటా నేను ఎవరితోనో ఒకరితో తగువులో. దొరికింది. నాలుగు వందల పన్నెండు కాదు, ఇప్పుడు నాలుగు వందల పంతొమ్మిది. మూడేళ్ల తరువాత కూడా ఎవరో ఏడుగురు వచ్చి మెచ్చుకుని వెళ్లారు. దాని కిందే రాశాను. అందరికీ కనపడాలని మళ్లీ పైన కూడా పెట్టాను. అలంకారం లేకుండా రాశాను, ఎంత కష్టమో: "నా చెల్లెలు చెల్బియా మా అమ్మ చావుకు రాకపోవడానికి కారణం నేను. అమ్మ ఎనిమిది రోజులు మంచాన ఉంది. నేను ఎనిమిదో రోజున చెప్పాను. కావాలనే ఆలస్యం చేశాను. ఇక్కడ రాసింది అబద్ధం. బట్టీ సందు అమ్మ పిండితోనూ మూసేది, మట్టితోనూ మూసేది. నేను హాజ్జాను కాదు." పంపాను. చూశాను. ఏమీ లేదు. ఒక నిమిషం. ఒక్కరూ లేరు. తిట్టు రాస్తే వేలు తీసేలోపు వచ్చేవాళ్లు, ఎక్కడికి పోయారు వీళ్లంతా, రొట్టెలకు వెళ్లారా.

గొట్టం చివర చుక్క ఉబ్బింది. ఆలోచిస్తోంది. అప్పుడు గద్ద. ఇంకెవరు. "అయితే ఇన్నాళ్లూ అబద్ధాలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావన్నమాట, ముసలి పామా." ముప్పై. నలభై. చూస్తుండగానే. వాడి వెనకాల ఇంకొకామె, "అమ్మను చూపించని నీ చేతులు కాలిపోను" అని. అరవై. శభాష్ హాజ్జా అన్న అతను కూడా లైకు పెట్టాడు, వాడికి వేలు పెట్టడానికి ఏదైనా ఒకటే. చెవుల వెనక వేడి. నాకు జవాబు వచ్చేసింది, మొత్తం వచ్చేసింది, నా జీవితంలో ఇంత చక్కటి వాక్యం రాలేదు, పాము మీద మొదలై గద్ద మీద ముగుస్తుంది, రెండు వందలు తప్పకుండా వస్తాయి. వేలు దాని పైనే ఉంది. ఎంత సుఖంగా ఉంటుందో అది పంపితే.

ఫోను మోగలేదు, ఒకసారి అదిరింది. గ్రూపు కాదు. రిమ్. "పెద్దమ్మా, టోల్ గేటు దగ్గర ఆగాం. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది, చదివాను. ఇప్పుడు అడుగుతోంది, మళ్లీ మంట పెట్టి ఉంటుంది ఆ మొండిది, పైనీళ్లు మార్చిందా అని."

పైగిన్నెలో వేలు పెట్టాను. చుర్రుమంది. మార్చలేదు. బిందె అందుకుని లేచాను.